చెప్పులు కుట్టే చేతులకు పుస్తకమిచ్చిన రామాయపట్నం

రామాయపట్నం పేరు చెబితే ఇప్పుడు అందరికీ పోర్టే గుర్తుకు వస్తుంది. 2022 జూలై 20న శంకుస్థాపన జరిగిన నాటినుంచీ గుడ్లూరు మండలంలోని ఈ తీరగ్రామం పేరు పత్రికల్లో నలుగుతూనే ఉంది. అయితే ఓడరేవు మాట పుట్టక ముందే, సుమారు నూటయాభై ఏళ్ల కిందటే, ఈ ఊరి పేరు సముద్రాలు దాటి వెళ్లింది. అమెరికాలోని బోస్టను నగరం నుంచి నడిచిన బాప్టిస్టు మిషను వారి నివేదికల్లో ఒంగోలు, నెల్లూరుల సరసన ఈ ఊరి పేరూ ఉండేది. వారు రాసింది రామపట్నం అని. సరుకు ఎగుమతి వల్ల వచ్చిన పేరు కాదది. 1874లో ఇక్కడ తెరిచిన ఒక బడి వల్ల వచ్చింది. బోధకులను తయారుచేసే బడి. దాన్ని సెమినరీ అన్నారు, వేదాంత పాఠశాల అన్నారు.

ఆ బడికి వచ్చినవారిలో ఎక్కువమంది ఒంగోలు, కందుకూరు, కనిగిరి వైపు మాదిగపల్లెల నుంచి వచ్చినవారే. తండ్రులు తోలు ఊనినవారు, చెప్పులు కుట్టినవారు, రైతుల మోటలకు తోలు తిత్తులు కట్టి ఇచ్చినవారు. ఊరి బడి అరుగు ఎక్కే హక్కు కూడా లేని రోజుల్లో వీరు తాటాకు చాపల మీద కూర్చుని పౌలు పత్రికలకు అర్థం చెప్పుకొన్నారంటే, ఆ కాలంలో అది ఎంత పెద్ద మార్పో ఊహించుకోవలసిందే.

మూసేద్దామనుకున్న మిషను

ఈ కథకు మొదలు వైఫల్యంలో ఉంది. శామ్యూల్ డే అనే మిషనరీ 1836లో ఇండియాకు వచ్చాడు. ఉత్తర సర్కారుల్లోనూ మద్రాసులోనూ కొన్నాళ్లు ఉండి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఖర్చు దండగ అని, ఈ మిషనును ఎత్తివేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1853లో జరిగిన సభలో వారి పటం మీద నెల్లూరు ఒక్కటే చుక్కలా కనిపించిందట. శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ రాత్రే ఆ ఒంటి నక్షత్రం మీద పద్యం రాశాడు, మర్నాడు సభలో చదివారు, మూసేసే మాట వెనక్కు పోయింది. పద్యంతో ఒక సంస్థ బతకడం మన దేశంలోనే జరుగుతుందనుకుంటాం గాని, అక్కడా జరిగింది.

మరుసటి ఏడు, 1854 జనవరి 1న తెల్లవారుజామున, లైమన్ జూవెట్ దంపతులు ఒంగోలు కొండ ఎక్కారు. వారితో ముగ్గురు తెలుగువారు ఉన్నారు. మొత్తం ఐదుగురు. ఒంగోలుకు ఒక మిషనరీ రావాలని అక్కడ ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, జాన్ క్లౌ వచ్చి ఒంగోలులో స్థిరపడ్డాడు. జనం నోట ఆయన క్లౌ దొర.

క్లౌ దొరకు మొదట ఎదురైంది కులం సమస్యే. పై కులాల పిల్లలు ఆయన బడికి వస్తున్నారు, పెద్దలు వచ్చి మాట్లాడుతున్నారు. సరిగ్గా అప్పుడే యర్రగుంట్ల పేరయ్య అనే తోలు వర్తకుడి పలుకుబడితో మాదిగలు రాసాగారు. వీరిని చేర్చుకుంటే వారు రారు. వారు కావాలంటే వీరిని పంపేయాలి. దొర, దొరసాని వేర్వేరు గదుల్లో కూర్చుని బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు కనిపించిందని వారి అనుభవాల్లో ఉంది. లోకం హీనంగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగమది. పల్లెవారిని చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు బడి మానేశారు. ఆ నిర్ణయం తీసుకోకపోతే ఈ తీరంలో సెమినరీ కట్టవలసిన అవసరమే వచ్చేది కాదు.

మూడు నెలలకోసారి ఒంగోలులో

చేరేవారు పెరిగేకొద్దీ ఒక చిక్కు వచ్చింది. పల్లెలు వందలు. దొర ఒక్కడు. పల్లెల్లో బోధించేది అక్కడివారే. వారికి అక్షరజ్ఞానం అంతంత మాత్రం. అందుకని మూడు నెలలకోసారి బోధకులందరూ ఒంగోలు మిషను ఆవరణలో కలుసుకోవాలని ఏర్పాటు చేశారు. మూటాముల్లె కట్టుకుని, పగలు ఎండ తప్పించుకుంటూ నడిచి వచ్చేవారు. ఏ పల్లెలో ఎంతమంది విన్నారు, ఎక్కడ కరణం అడ్డుపడ్డాడు, ఎక్కడ బావి దగ్గర నీళ్లు పోయలేదు, ఇవన్నీ అక్కడ చెప్పుకొనేవారు. కొత్త పాఠాలు నేర్చుకుని, పాటలు పాడుకుని, కలిసి అన్నం తిని మళ్లీ ఎవరి పల్లెకు వారు వెళ్లిపోయేవారు.

సెమినరీ అనే మాట ఇంగ్లీషుదే అయినా, ఈ జిల్లాలో దాని అసలు స్వరూపం ఆ మూడు నెలల కూడిక అని చెప్పాలి. చదువు, ఆరాధన, సహవాసం మూడూ అందులో ఉన్నాయి. రామాయపట్నంలో జరిగింది దానికి కప్పు వేసి, పలక పుస్తకం ఇచ్చి, ఏళ్ల తరబడి సాగేలా చెయ్యడమే.

నెల్లూరుకు ఉత్తరంగా సుమారు 45 మైళ్ల దూరంలో ఉన్న రామాయపట్నంలో 1870 ప్రాంతంలో కెనడా నుంచి వచ్చిన టింపనీ మిషను స్థావరం పెట్టాడు. సముద్రపు గాలి, ఒక పక్క నెల్లూరు, ఇంకో పక్క ఒంగోలు. రెండు ప్రాంతాల విద్యార్థులకూ నడిచి వచ్చే దూరం. సెమినరీ బాధ్యత విలియమ్స్ అనే మిషనరీ మీద పడింది. తర్వాతి కాలంలో బోగ్స్, హైన్రిక్స్ వంటివారు నడిపారు. చాలాకాలం దీన్ని బ్రౌన్సన్ వేదాంత పాఠశాల అని కూడా పిలిచారు.

భార్యలకూ పలకలు

ఇక్కడ విశేషంగా చెప్పుకోవలసింది ఒకటుంది. వచ్చిన విద్యార్థుల్లో పెళ్లయినవారు, పిల్లలున్నవారు చాలామంది. కుటుంబాలతోనే వచ్చి ఆవరణలో కాపురం పెట్టేవారు. భర్త వేదాంతం చదువుతుంటే భార్య వంట చేసుకుంటూ ఊరుకోలేదు. ఆమెకూ తరగతి ఉండేది. చదవడం, రాయడం, బైబిలు కథలు చెప్పడం నేర్పేవారు. కారణం తేలికే. పల్లెలో ఆడవాళ్ల దగ్గరకు వెళ్లి మాట్లాడగలిగేది ఆడదే. పురిటింటికి, రోగి పక్కకు, పొలం గట్టుకు అయ్యగారి కంటే అమ్మగారే ముందు వెళ్తుంది. నేటికీ పల్లె సంఘాల్లో పాస్టరుగారి భార్యను ‘అమ్మగారు’ అని పిలిచే మర్యాద ఊరికే వచ్చింది కాదు.

ఈ పద్ధతి బాప్టిస్టులతో ఆగలేదు. తెలంగాణలో డోర్నకల్లు కేంద్రంగా బిషప్ అజరయ్య కూడా గురువుల భార్యల శిక్షణకు పెద్ద పీట వేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికను సంఘానికి మొదటి భారతీయ బిషప్పు. తమిళుడై ఉండీ తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు. ఆయన బాధ్యత తీసుకున్నప్పుడు సుమారు 56 వేలుగా ఉన్న సంఘస్థులు 1941 నాటికి సుమారు 2 లక్షల 25 వేలు అయ్యారు. అంతమందికి గురువులను సీమ నుంచి తేలేరు కదా. పల్లె పిల్లలనే డోర్నకల్లులో తయారుచేసుకున్నారు. అక్కడ 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన పెద్ద దేవాలయాన్ని చూసినవారికి గుడి మండపం, మసీదు గుమ్మటం, చర్చి గంట ఒకే కప్పు కింద కనిపిస్తాయి.

కరువులో కాలువ

సెమినరీ పెట్టి మూడేళ్లు తిరగకముందే 1876-78 కరువు వచ్చింది. దాన్ని ధాత కరువు అని పెద్దలు చెప్పేవారు. పశువులు చచ్చాయి, తోలు కొనేవాడు లేడు, మాదిగపల్లెలు ముందుగా పస్తులకు చిక్కాయి. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలాదిమందికి పని చూపించాడు. ఆయన దగ్గరి బోధకులు అక్కడ మేస్త్రీలయ్యారు. పగలు మట్టి లెక్క రాసేవారు, విశ్రాంతి వేళ చెట్ల కింద కూలీలతో కూర్చుని మాట్లాడేవారు. కులం చూడకుండా అన్ని పల్లెలవారూ ఆ గట్టు మీద పనిచేశారు.

ఆ సమయంలో ఎందరు అడిగినా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఆగాడు. సాయం పంపిణీ ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా వారు వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. క్లౌ మాత్రం గట్టు మీదే ఉన్నాడు. నదిలో దిగినవారు తెలుగువారే అన్న సంగతి చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. ఆరు వారాల్లో ఎనిమిది వేలు దాటింది లెక్క.

కరువు వల్ల వచ్చారా, నమ్మి వచ్చారా అన్న వాదన ఇప్పటికీ ఉంది. రెండు వైపులా పుస్తకాలు ఉన్నాయి. క్లౌ రెండవ భార్య ఎమ్మా 1899లో ప్రచురించిన పుస్తకం చదివితే మాత్రం ఒక విషయం తెలుస్తుంది. ఈ మాదిగ కుటుంబాల్లో పలువురు అంతకు ముందే గురువులను వెతుక్కుంటూ, యోగ సంప్రదాయాల్లో ఉపదేశం తీసుకుంటూ తిరిగినవారు. పొట్ట ఒక్కటే కాదు, మరేదో కూడా వారిని నడిపించింది. ఏదేమైనా, ఆ వేలమందికి ఆదివారం వాక్యం చెప్పేదెవరు, పెళ్లి చేసేదెవరు, చనిపోతే మట్టి ఇచ్చేదెవరు అన్న ప్రశ్న రామాయపట్నం నెత్తిన పడింది. వచ్చే ఏళ్లలో సెమినరీకి ఉన్న పని అదే.

తెల్లవారి గంట నుంచి

సెమినరీ జీవితం బయటివారికి అంతగా తెలియదు. ఏ శాఖవారి సెమినరీ అయినా దినచర్య ఇంచుమించు ఒకటే. తెల్లవారి గంట కొడతారు. ప్రార్థన, కీర్తన, వాక్యం. ఆ తర్వాత తరగతులు. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, సిద్ధాంతం, ప్రసంగం చేసే పద్ధతి, కాపరి పని. పై తరగతుల్లో గ్రీకు, హీబ్రూ భాషలు. హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాయాలి. ఉర్దూ చూసిన తెలంగాణ పిల్లలకు ఇది వింతగా ఉండదు గాని, కోస్తా పిల్లలకు మొదటి నెల తల తిరిగిపోతుంది.

అన్నింటిలోకీ విద్యార్థులు భయపడేది ప్రసంగం తరగతికి. ఒకడు నిలబడి ప్రసంగం చేస్తాడు. తోటివారు కాగితం, పెన్సిలు పట్టుకుని వింటారు. అయ్యాక వరుసగా తప్పులు చెబుతారు. వాక్యం ఒకటి చదివి ఇంకోటి చెప్పావని ఒకరు, చేతులు ఊరికే ఊపావని ఒకరు, నలభై నిమిషాల్లో విషయం పది నిమిషాలదేనని ఒకరు. పల్లెలో పెద్దలు మొహమాటానికి బాగుందంటారు. ఇక్కడ మొహమాటం ఉండదు.

భాష దగ్గర ఇంకో ఇబ్బంది. తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంది. చెప్పెను, వెళ్లెను, చేసితిరి అన్న ధోరణి. విద్యార్థి దాన్నే రాత్రీ పగలూ చదివి, తనకు తెలియకుండానే అదే భాషలో మాట్లాడతాడు. కూలి పని చేసి వచ్చి కూర్చున్న ముసలమ్మకు ఆ భాష గంభీరంగా ఉంటుంది, సగం అర్థం కాదు. మంచి బోధకుడు గ్రాంథికంలో చదివి, ఊరి మాటలో విప్పి చెబుతాడు. ఈ విద్య ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. శని, ఆదివారాల్లో చుట్టుపక్కల పల్లెలకు పంపడంలో ఉన్న ఉద్దేశం అదే.

పాట దగ్గర మాత్రం ఈ చిక్కు లేదు. గంజాం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాగం, తాళం, పల్లవి, చరణాలతో మన భజన పద్ధతిలో ఉంటాయి. అక్షరం రానివారికీ అవి నోటికి వచ్చు. లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ.వారు బాప్తిస్మం ఎలా ఇవ్వాలన్న దగ్గర విడిపోతారు గాని, ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం దగ్గర కలుస్తారు. ఈ కీర్తనల్లోని భక్తి మీద ఆర్.ఆర్. సుందరరావు ఇంగ్లీషులో రాసిన పరిశోధన గ్రంథం 1983లో వెలువడింది. హార్మోనియం, తబలా, తాళాలతో సాయంత్రం పాటకు కూర్చుంటే ఏ శాఖవారో చెప్పడం కష్టం.

ఒకే ఆవరణలో అన్ని శాఖలు

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టుల్లో కొందరు, మరికొందరు కలిశారు. బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు. పసిపిల్లలకు నీళ్లు చిలకరించవచ్చా, పెద్దయ్యాకే ముంచాలా అన్న దగ్గర రాజీ కుదరదు. సంఘాలు కలవని చోట చదువు కలిసింది. 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ మొదలైంది. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., మెథడిస్టు వర్గాలు ఇందులో భాగస్వాములు. రామాయపట్నం వారసత్వం ఉన్న తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం కూడా అందులో ఉంది. 1970ల మొదట్లో కాలేజీ హైదరాబాదు లోయర్ ట్యాంక్‌బండ్‌కు తరలింది. డిగ్రీలిచ్చేది బెంగాలులోని సేరంపూరు. 1818లో విలియం కేరీ మిత్రబృందం స్థాపించిన ఆ కాలేజీకి 1827లో డెన్మార్కు రాజు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు. తెలుగువారికి సేరంపూరు కొత్త కాదు. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే అచ్చయ్యాయి.

కలిసి చదవడం వల్ల వచ్చిన లాభం పరీక్షల్లో కంటే భోజనశాలలో ఎక్కువ కనిపిస్తుంది. కోస్తా మాల కుటుంబపు లూథరన్ విద్యార్థి, ఒంగోలు వైపు మాదిగ కుటుంబపు బాప్టిస్టు విద్యార్థి, రాయలసీమ నుంచి వచ్చిన సి.ఎస్.ఐ. విద్యార్థి ఒకే బల్ల దగ్గర తినాలి. పల్లెల్లో చూస్తే మాలపల్లె చర్చి, మాదిగపల్లె చర్చి వేర్వేరుగా ఉన్న ఊళ్లు కొల్లలు. ప్రభువు బల్ల ఒక్కటేనని బోధించేవారి సంబంధాలు మాత్రం పేట దాటవు. ఈ మాట కఠినంగా ఉన్నా చెప్పక తప్పదు. నాలుగేళ్లు ఒకే గదిలో పడుకున్నవారు ఊళ్లకు వెళ్లాక కూడా ఒకరి పేటకు ఒకరు వెళ్లి ప్రసంగించడం ఒక్కటే దీనికి ఇంతవరకు కనిపించిన మందు.

ఆడపిల్లలు కూడా ఇప్పుడు భార్యల తరగతిలో కాక అసలు తరగతిలోనే కూర్చుంటున్నారు. కర్నూలు జిల్లా పల్లె నుంచి వచ్చి ఈ కాలేజీలో చదివిన పుష్పలలిత 2013లో నంద్యాల బిషప్పు అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్పు ఆమే.

పుచ్చుకునేది తక్కువ, పోయేది ఎక్కువ

సెమినరీకి వెళ్లే కుర్రవాడి ఇంట్లో మొదట అడిగేది జీతం ఎంత అని. పల్లె పాస్టరు రాబడి సంఘం చేతిలో ఉంటుంది. అన్నం వండేటప్పుడు ఇల్లాలు ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి కుండలో వేస్తుంది. ఆదివారం ఆ గుప్పెళ్లు చర్చికి చేరతాయి. పంట వచ్చాక కోతల పండుగ. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, సొరకాయలు, కోళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. వంద రూపాయల కోడి పంతానికి పోయి వెయ్యి పలకడం ఆ రోజు మామూలే. వాన లేని ఏడు వేలమూ ఉండదు.

రెండో నష్టం కాగితం మీద జరుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కాని వారికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. తెలుగు రాష్ట్రాల్లో వీరు బి.సి.-సి కింద 1 శాతం రిజర్వేషనుకు వస్తారు. చర్చికి వెళ్లేవారు చాలామంది కాగితాల్లో పాత గుర్తింపుతోనే ఉంటారని అందరికీ తెలిసిందే. కాని సెమినరీలో చదివి అభిషేకం తీసుకునేవాడికి ఆ చాటు లేదు. పేరు ముందు రెవరెండు అని పెట్టుకున్నాక తాసీల్దారు కచేరీలో పిల్లల సర్టిఫికెట్టుకు ఏమని రాయాలి? సెమినరీ దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందు ఈ లెక్క ఇంటిల్లిపాదీ వేసుకుంటారు.

ఇంకోవైపు, సెమినరీ గుమ్మం తొక్కకుండానే సంఘాలు పెట్టేవారు పెరిగారు. మైకు, కీబోర్డు, షామియానా ఉంటే చాలు. వారిలో మంచివారూ ఉన్నారు, జనం వారి వెంట వెళ్తున్నారు. చదివిన పాస్టరుకు హీబ్రూ వచ్చు గాని, రాత్రి రెండింటికి రోగి ఇంటికి పిలిస్తే రాడన్న ఫిర్యాదు పల్లెల్లో వినిపిస్తుంది. చదవనివాడు వస్తాడు గాని మందు మానెయ్యమంటాడన్న ఫిర్యాదూ వినిపిస్తుంది. పైచదువు పట్నానికి, ఇంగ్లీషుకు వెళ్లిపోవడం మీద పెద్దల్లో అసంతృప్తి ఉంది. ట్యాంక్‌బండ్ దగ్గర నాలుగేళ్లు ఉన్నవాడు తిరిగి చిత్తడి దారిలో సైకిలు తొక్కుతాడా అని అడుగుతారు. కొందరు తొక్కారు. కొందరు పట్నంలోనే సంఘాలు చూసుకున్నారు.

పాత పద్ధతిలో రామాయపట్నంలో చదివినవాడికి ఆ ఎంపికే లేదు. చదువు ముగిసిన మర్నాడు భార్యాబిడ్డలతో, బైబిలు, కీర్తనల పుస్తకం మూటగట్టుకుని వచ్చిన దారినే నడిచి వెళ్లేవాడు. అతన్ని పంపిన పల్లె అతని కోసం చూస్తూ ఉండేది.